జవాబు కోసం వదిలిన సగం పేజీ

పర్లాకిమిడిలో మా అరుగు మీద నెల రోజులుగా ఒకటే చర్చ. అమెరికా రచయిత నీల్ డొనాల్డ్ వాల్ష్ రాయగా 1995లో అచ్చయిన ‘కాన్వర్సేషన్స్ విత్ గాడ్’ రోజూ నాలుగు పేజీలు చదివి, అందరికీ తెలుగులో చెబుతున్నాను. బతుకు చితికిపోయిన రోజుల్లో ఆయన కోపంతో దేవుడికి ఉత్తరం రాశాడట, జవాబు వినిపించిందట.

పక్కింటి మాస్టారు ఒప్పుకోలేదు. "అది ఆయన మనసు మాటేనమ్మా, దేవుడిదని ఎలా తెలుస్తుంది?" అన్నారు. ఆ అనుమానం నాకూ పూర్తిగా పోలేదు.

ఎదురింటి అక్క మాత్రం మర్నాడే నోట్‌బుక్ తెచ్చి చూపించింది. బావగారు పోయాక ఆమె ఏదైనా రాయడం ఇదే మొదలు. "జగన్నాథా, నీ మీద చాలా కోపంగా ఉంది" అని మొదలైంది. తడి తగిలి రెండు వరుసలు అలుక్కుపోయాయి. కింద సగం పేజీ ఖాళీ. "జవాబు కోసం వదిలాను" అంది. నాకు గొంతు పూడుకుపోయింది.

అమ్మకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. "రామదాసు గోల్కొండ చెరలో కూర్చుని రాముణ్ని నిలదీయలేదూ?" అంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడిన ఊరు మాది. వ్రత పుస్తకంలో శ్లోకాలకు తడబడే అమ్మ, దీపం పెట్టేటప్పుడు "తండ్రీ, మోకాలి నొప్పి తగ్గట్లేదయ్యా" అని ఇంట్లో మనిషితో చెప్పినట్టే చెప్పుకుంటుంది. ఇన్నేళ్లూ పక్కనే ఉండి నేనది సరిగ్గా వినలేదు.

అక్క సగం పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. నిన్న రెండో ఉత్తరం మొదలుపెట్టింది.