టమాటాకు పోసినట్టు మిరపకు పోయకూడదు

మొదటి సంవత్సరం నేను టమాటాను, మిరపను ఒకే రోజు విత్తాను, ఒకే మట్టిలో నాటాను, ఒకే చెంబుతో ఒకే కొలతలో నీరు పోశాను. రెండూ వంకాయ కుటుంబానికి చెందిన మొక్కలే కదా, అక్కచెల్లెళ్ళను వేరువేరుగా చూడవలసిన పని ఏముంది అనుకున్నాను. మూడు నెలలు తిరిగేసరికి టమాటా కాయల అడుగున నల్లటి మచ్చలు పడ్డాయి. మిరప మొక్కలు మూడింటిలో రెండు, మట్టి తడితడిగా ఉండగానే, దాహానికి వాలినట్టు వాలిపోయి చచ్చిపోయాయి. ఆ రెండింటినీ పీకి చూస్తే వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వేలితో పట్టుకుంటే పైతోలు ఊడి వస్తూ ఉంది. ఒకదానికి నీరు వేళకు అందలేదు, మరొకదానికి అవసరానికి మించి అందింది. పోసిన చేయి మాత్రం ఒక్కటే. ఆ తరువాతి సంవత్సరాల్లో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది కనుక దానినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ తేడా విత్తనం దగ్గరే మొదలవుతుంది. తడి, వెచ్చదనం దొరికితే టమాటా విత్తనం 5 నుంచి 10 రోజుల్లో మొలుస్తుంది. మిరపకు అంత తొందర ఉండదు. మట్టి వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే 8 లేదా 10 రోజులకు తల ఎత్తుతుంది కానీ, చల్లగా ఉంటే మూడు వారాలు గడిచినా జాడ కనిపించదు. పన్నెండో రోజున ఓపిక పట్టలేక నేను పుల్లతో మట్టిని కదిపి చూశాను. అప్పుడే కొక్కెంలా వంగి పైకి రాబోతున్న తెల్లటి మొలక మెడ దగ్గర పుటుక్కున విరిగింది. అప్పటి నుంచి మిరప విత్తిన పళ్ళెం మీద తేదీ రాసిపెట్టి, 25 రోజుల వరకు దాని జోలికి పోకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. విత్తనాన్ని అర సెంటీమీటరు లోతున వేసి, పైన పొడి మట్టి చల్లి, తుంపరగా తడిపితే చాలు. నీరు నిలిచేలా పోస్తే నారుకుళ్ళు తెగులు వచ్చి, నిన్న నిటారుగా ఉన్న మొలకలు ఇవాళ నేల దగ్గర నూలుపోగులా సన్నబడి పడిపోయి ఉంటాయి. ఒకసారి పడిన మొలక మళ్ళీ లేవదు.

నారు తీసి కుండీలో నాటే సమయంలో ఈ రెండింటికీ ఉన్న మరొక భేదం బయటపడుతుంది. టమాటా కాండం మీద కనిపించే సన్నటి బొడిపెలు, తడి మట్టి తగిలితే వేళ్ళుగా మారతాయి. అందువల్ల నారు పొడవుగా, నీరసంగా సాగిపోయినా దిగులు పడనక్కరలేదు. కింది ఆకులు తుంచివేసి, కాండాన్ని సగం వరకు మట్టిలో పూడ్చి నాటితే అది మరింత బలమైన వేరువ్యవస్థను ఏర్పరచుకుంటుంది. మిరపకు ఈ గుణం అంతగా లేదు. దానిని నారు పళ్ళెంలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నాటడం మంచిది. టమాటా నారుకు నాలుగైదు వారాల వయసు చాలు, మిరపకు ఆరు వారాల వరకు ఆగవచ్చు.

కుండీ విషయంలో పొదుపు పనికిరాదు. టమాటాకు 15 నుంచి 20 లీటర్ల మట్టి పట్టే కుండీ కావాలి, మిరపకు 8 నుంచి 10 లీటర్లది సరిపోతుంది. మట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన ఎరువు ఒక పాలు, మట్టి గుల్లగా ఉండడానికి కొబ్బరిపొట్టు ఒక పాలు కలుపుతాను. కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా పెంకు ముక్కలు బోర్లించి పెడతాను. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చోట ఈ రెండింటిలో ఏదీ సరిగా కాయదు, ఆ లోటును ఏ ఎరువూ తీర్చదు.

ఇక నీటి సంగతి. టమాటాకు పెద్ద ఆకులు ఉంటాయి, తొందరగా పెరిగే స్వభావం ఉంటుంది, కనుక అది తాగే నీరు కూడా ఎక్కువే. అయితే దానికి కావలసింది ఎక్కువ నీరు అనడం కంటే తప్పకుండా అందే నీరు అనడం సరైనది. రెండు రోజులు మరచిపోయి మూడో రోజున ఒక్కసారిగా బకెట్టు కుమ్మరిస్తే, అప్పటిదాకా బిగిసి ఉన్న కాయ తొక్క లోపలి ఉబ్బును తట్టుకోలేక తొడిమ చుట్టూ పగులుతుంది. నా మొదటి పంటలో కాయ అడుగున పడిన నల్లమచ్చ కూడా ఈ అస్తవ్యస్తపు నీటి వల్ల వచ్చినదే. మొదట గోరంత నీరు కారిన మచ్చలా కనిపించి, వారంలో తోలులా గట్టిబడి, కాయ సగాన్ని లోపలికి లాక్కున్నట్టు చదునుగా అయిపోయింది. అది పురుగు పని అనుకుని నేను వేపనూనె కొట్టాను, పూచికపుల్లంత ప్రయోజనం కూడా లేకపోయింది. కాయ చివరికి కాల్షియం చేరకపోవడం దీనికి కారణం. కాల్షియం మొక్కలో నీటితో పాటే పైకి ప్రయాణిస్తుంది. ఆకులు నీటిని గాలిలోకి వదులుతూ ఉంటాయి కనుక ఎక్కువ వాటా వాటికే పోతుంది, నున్నటి తొక్క ఉన్న కాయ నీటిని పెద్దగా వదలదు కనుక వెనకబడిపోతుంది. మొక్క బెట్టకు వచ్చిన ప్రతిసారీ ముందుగా నష్టపోయేది ఈ కాయ చివరే.

ఈ మచ్చకు మందుగా గుడ్డు పెంకులు వేయమని చాలామంది చెబుతారు. నేనూ ఒక సంవత్సరం పాటు పెంకులు కూడబెట్టి, దంచి, కుండీల్లో వేశాను. సంవత్సరం గడిచాక మట్టి తిరగవేస్తే అవే పెంకులు, వేసినవి వేసినట్టే, తెల్లగా నన్ను చూసి నవ్వుతున్నట్టు కనిపించాయి. అవి కరగడానికి పట్టే కాలం టమాటా జీవితకాలం కంటే ఎక్కువ. పైగా చాలా మట్టిలో కాల్షియానికి కొరత ఉండదు, దానిని మోసుకుపోయే నీటికే కొరత. కుండీ మీద మూడు వేళ్ళ మందాన ఎండుగడ్డి పరచి, రోజూ ఒకే వేళకు కాండం మొదట్లో నీరు పోయడం మొదలుపెట్టాక మచ్చ పడిన కాయ అరుదైపోయింది. నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు కూడా ఈ మచ్చను పెంచుతుంది. మొక్క ముదురాకుపచ్చగా గుబురుగా పెరుగుతూ పూత వేయకపోతే, ఎరువు ఆపవలసిన సమయం వచ్చిందని అర్థం.

మిరపకు ఈ పద్ధతి పనికిరాదు. దాని వేళ్ళకు తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం కనుక, ఒక తడికీ మరొక తడికీ మధ్య పైమట్టి ఆరాలి. ఇప్పుడు నేను ప్రతి ఉదయం మిరప కుండీలో చూపుడువేలిని రెండు కణుపుల లోతు వరకు దించి చూస్తాను; వేలికి మట్టి అంటుకుంటే నీరు పోయను, పొడిగా రాలితే పోస్తాను. మధ్యాహ్నపు ఎండలో ఆకులు వేలాడితే కంగారు పడనక్కరలేదు, సాయంత్రానికి అవి లేస్తాయి. ఉదయం కూడా వాలి ఉండి, మట్టి తడిగా ఉంటే మాత్రం అది దాహం కాదు, వేరుకుళ్ళు. నేను పొరబడింది సరిగ్గా ఇక్కడే: వాలిన మొక్కను చూసి జాలిపడి, ఇంకొక చెంబు పోశాను.

పూత వచ్చాక టమాటాకు ఒక చిన్న సేవ చేయవలసి ఉంటుంది. దాని పువ్వును దగ్గరగా చూడండి: పసుపు రేకులు వెనక్కి వంగి ఉంటాయి, మధ్యలో కేసరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని చిన్న గొట్టంలా ముందుకు పొడుచుకుని ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలే ఉంటుంది, కదలిక లేకపోతే బయటికి రాలదు. తుమ్మెద వచ్చి పువ్వును కరచిపట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్ళంతా జుమ్మని కంపింపజేసి ఆ పొడిని రాల్చుకుంటుంది. తేనెటీగకు ఈ విద్య తెలియదు. గాజుగదుల్లో టమాటా పండించే ఐరోపా రైతులు ఇందుకోసమే 1980ల చివరి నుంచి బంబుల్ ఈగల గూళ్ళను తెచ్చిపెట్టుకుంటున్నారు. గాలి ఆడే చోట మొక్క ఉంటే గాలే ఆ పని చాలావరకు చేస్తుంది. గోడ మూలన ఉన్న నా మొక్కలకు ఆ అదృష్టం లేదు కనుక, ఉదయం పది గంటల ప్రాంతంలో, మంచు ఆరిన తరువాత, పూగుత్తి కాడను వేలి గోరుతో రెండు మూడు సార్లు మీటుతాను. వెలుతురుకు ఎదురుగా నిలబడి మీటితే సన్నటి పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది. మిరప పువ్వు తెల్లగా, చిన్నగా, తలవంచుకుని ఉంటుంది. దాని కేసరాలు విడివిడిగా విచ్చుకుని పుప్పొడిని బయటికే చూపిస్తాయి కనుక ఇంత శ్రమ అక్కరలేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రులు కూడా చల్లబడకపోయినా రెండింటి పూతా రాలిపోతుంది. అప్పుడు చేయగలిగింది మధ్యాహ్నం పూట పలుచటి నీడ కల్పించి, వేడి తగ్గేవరకు ఆగడమే.

మిరపకు ఉన్న అసలు తలనొప్పి ఆకుముడత. ముడత పడిన మొక్కను చూడగానే అందరూ ఒకే జబ్బు అనుకుంటారు కానీ, ఆకు ఎటు ముడుచుకున్నదో చూస్తే దోషి ఎవరో చాలావరకు తెలుస్తుంది. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగులు, అంచులు కిందికి వంగి బోర్లించిన దోనెలా, ఆకు సన్నగా సాగి ఉంటే నల్లి అనే అతి చిన్న పురుగు. నేను భూతద్దం పెట్టి లేత ఆకు అడుగున చూసినప్పుడు, ఈనె పక్కన గడ్డిపరక కొసంత తామర పురుగు ఒకటి పసుపు రంగులో చురుకుగా పాకుతూ కనిపించింది. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టితే అలాంటివి మరో ఏడెనిమిది రాలాయి. తామర పురుగుకు లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, ఎండ తగ్గిన తరువాత ఆకుల అడుగు తడిసేలా వారానికి ఒకసారి కొడతాను. నల్లి పట్టిన కొసలను తుంచివేసి, ఆ పైన గంధకపు పొడిని నీటిలో కలిపి కొడతాను, అయితే నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, ఆకులు మాడిపోతాయి. మూడో దోషి తెల్లదోమ. అది మోసుకువచ్చే వైరస్ సోకితే ఆకులు చిన్నబడి, పసుపు పచ్చబడి, మొక్క గిడసబారిపోతుంది. టమాటాకూ ఇదే గతి పడుతుంది. వైరస్‌కు మందు లేదు. అలాంటి మొక్క మీద మమకారం పెంచుకోకుండా వెంటనే పీకి పారవేయాలి, లేకపోతే పక్క కుండీలకు కూడా పాకుతుంది. పొగతాగేవారు మొక్కలను ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం మంచిది, ఎందుకంటే పొగాకును పట్టే మొజాయిక్ వైరస్ టమాటాను, మిరపను కూడా పడుతుంది.

కోత విషయంలో కూడా ఇవి రెండూ రెండు దారులు. టమాటా కొద్దిగా రంగు తిరగగానే, అంటే దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో పెట్టినా చక్కగా పండుతుంది. దానికి ఎండ అక్కరలేదు, తనలో తయారయ్యే ఇథిలీన్ వాయువే దానిని పండిస్తుంది. కిటికీ దగ్గర ఎండలో వరుసగా పేర్చడం చూడముచ్చటగా ఉంటుందే తప్ప పండుకు మేలు చేయదు. నిజానికి వేడి 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా ఏర్పడక పండు నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. మిరపకాయ మాత్రం ఎర్రబడాలంటే చెట్టు మీదే ఉండాలి, పచ్చిగా కోసినది నాణ్యంగా పండదు. కాయలన్నిటినీ ఎర్రబడే వరకు వదిలేస్తే మొక్క కొత్త పూత తగ్గిస్తుంది కనుక, నేను ఎక్కువ కాయలను పచ్చిగానే కోసి, ప్రతి మొక్కకు నాలుగైదింటిని మాత్రం పండనిస్తాను. ఆ పండిన వాటిలో సగం పక్షుల పాలవుతాయి. కారాన్ని కలిగించే కాప్సైసిన్ పక్షులకు మంట పుట్టించదు. మనం హాహాకారాలు చేసే కాయను అవి పండులా తిని, గింజలను దూరంగా తీసుకుపోయి విడుస్తాయి. ఆ కారం ఉండేది గింజల్లో అని అనుకుంటాం కానీ, అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో, గింజకు అంటేది దాని నుంచి వచ్చినదే.

టమాటా ఒక కాపు, మహా అయితే రెండు కాపులు ఇచ్చి అలసిపోతుంది, తరువాత పీకేసి కొత్త నారు పెట్టుకోవడమే మేలు. మిరపకు చలి తగలకపోతే అది రెండు మూడేళ్ళు బతుకుతుంది. మొదటి సంవత్సరం నా చేతిలో చావకుండా మిగిలిన ఆ ఒక్క మిరప మొక్కకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. కాండం మొదలు బొటనవేలంత లావై, బెరడు కట్టి, చిన్న చెట్టులా నిలబడింది. పోయిన నెల కాపు తగ్గగానే కొమ్మలన్నిటినీ జానెడు పొడవు మిగిల్చి కత్తిరించాను, పైమట్టి రెండంగుళాలు తీసి కొత్త ఎరువు వేశాను. పది రోజులు మోడులా ఉండి, ఈ వారం ప్రతి కణుపు దగ్గరా ఆవగింజంత పచ్చటి చిగురు తొడిగింది. దాని పక్క కుండీలో నాలుగో విడత టమాటా నారు నాటాను; దానికి ఈ ఉదయం చెంబెడు నీరు పోశాను, మిరప కుండీలో వేలు పెట్టి చూసి, మట్టి అంటుకోవడంతో ఊరుకున్నాను.