చీకటి గదికి 5 నిమిషాలట

పిల్లలు పడుకున్నారు. ఈయన ఎప్పుడో గుర్రు పెట్టేశారు. నాకే, బావగారి టైమ్‌టేబుల్ వల్ల నిద్ర రావడం లేదు.

బావగారి సంగతి మీకు తెలిసిందే. రైలెక్కక ముందే ఎవరు ఏ స్టేషన్ దాకా కిటికీ పక్కన కూర్చోవాలో తేల్చేసే మనిషి. ఆదివారం రోజంతా జూలో గడుపుదామని పిల్లలు అన్నదే తడవు, ఎక్సెల్ షీటు తయారు. ఏనుగులు 15 నిమిషాలు, జిరాఫీలు 10, నీటిగుర్రం 10. మధ్యలో 'బాత్రూమ్, అందరూ' అని ఒక గడి. అందరికీ ఒకేసారి రావాలన్నమాట. ఇవన్నీ నవ్వుకుని వదిలేసేదాన్నే. కానీ అట్టడుగున ఉంది చూడండి: నిశాచర జంతువుల గది, 5 నిమిషాలు.

5 నిమిషాల్లో ఎవరికి ఏం కనపడుతుంది? ఎండలోంచి లోపలికి అడుగు పెడితే మన చెయ్యి మనకే కనపడదు. ఆ చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే 20 నిమిషాలైనా పడుతుంది. అక్కడ రాత్రంతా లైట్లు వేసి ఉంచి, పగలు మసక వెలుతురు మాత్రం వదులుతారు, మన పగలు వాటికి రాత్రి అయ్యేలా. వాళ్లు అంత శ్రమపడి పట్టపగలు రాత్రిని తెచ్చి పెడితే, మనమేమో 'ఏమీ లేదు, పదండి' అని బయటికొచ్చేస్తాం.

చిన్నప్పుడు నాన్న మమ్మల్ని అలా రానివ్వలేదు. నన్నూ చెల్లినీ ఒక అద్దం ముందు నిలబెట్టి, మాట్లాడొద్దన్నారు. వెనకాల జనం వస్తున్నారు, అద్దం మీద టకటకా కొడుతున్నారు, 'ఖాళీరా' అనుకుంటూ పోతున్నారు. చెల్లి నా గౌను పట్టుకుని గుంజుతోంది. నాకూ కాళ్లు లాగుతున్నాయి. ఎంతకీ ఏమీ లేదు. అప్పుడు, కొమ్మే అనుకున్నది కాస్తా కదిలింది. ముందు ఒక చెయ్యి. చాలాసేపటికి ఇంకో చెయ్యి. తర్వాత మొహం ఇటు తిప్పింది, మొహమంతా కళ్లే. దేవాంగపిల్లి. నాన్న ఏమీ అనలేదు, నా భుజం మాత్రం గట్టిగా నొక్కారు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఎందుకంటే ఇదే కథ చెల్లి చెబితే దేవాంగపిల్లి ఊసే ఉండదు. బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. పులి దగ్గరికి పరుగెత్తాం. కందకం, అవతల గడ్డి, ఒక బండ. పులి లేదు. మూసేవేళకి వాటిని వెనక గదుల్లోకి తోలి మాంసం పెడతారని అప్పుడే తెలిసింది. చెల్లి ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా, జూ మాటెత్తితే చాలు, 'నాన్న నాకు పులిని చూపించలేదు' అంటుంది.

బావగారి షీటులో పులి మొదటి గడిలోనే ఉంది. అది చూశాక కొంచెం చల్లబడ్డాను. ఎండెక్కితే పులులైనా సింహాలైనా నీడ చూసుకుని పడుకుంటాయి. సింహమైతే రోజుకి 20 గంటల దాకా అలా పడి ఉండగలదు. పొద్దున్నే గేటు దగ్గర ఉండాలని ఆయన పోరుపెట్టడంలో తప్పేమీ లేదు. మనవాళ్లు చెప్పిన టైముకి ఎటూ కదలరని తెలిసే, బయల్దేరే టైము ఒక గంట ముందుకి వేశారు. ఆ తెలివికి మాత్రం మెచ్చుకోవాలి.

అయినా కోపం పూర్తిగా పోలేదు. అంత పెద్ద షీటులో కూర్చోవడానికి ఒక్క గడి లేదు. అత్తయ్య ఆ మోకాళ్లతో అన్ని ఎకరాలు ఎలా నడుస్తారు? అడిగితే 'నన్నో చెట్టుకింద కూర్చోబెట్టి మీరు చూసి రండి' అంటారు. దానికి అంతదూరం తీసుకెళ్లడం దేనికి? చిన్నది తోపుడు బండిలో కూర్చోదు, నడవమంటే ఎత్తుకోమంటుంది. పెద్దాడి గోల వేరు. పోయినసారి 'ఇంత దూరమా, ఫోన్లోనే బాగా కనపడుతుంది' అన్నాడు. ఊచలు తీసేసి కందకాలు తవ్వే పద్ధతికి 1907లో హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ తెరిచిన జూతోనే పేరొచ్చిందని, జంతువుకి చోటివ్వాలంటే మనమే వెనక్కి జరగాలని చెప్పబోయాను. నేను వాక్యం ముగించేలోపే కోతుల దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి బైనాక్యులర్స్ తీసుకెళ్లాలి. అటక మీద ఉన్నాయో, ఎవరికైనా ఇచ్చానో.

ఇందాకే షీటులో వేలు పెట్టాను. పులిని కదపలేదు. చేపల గది, మ్యూజియం, సీతాకోకచిలుకల తోట కొట్టేశాను. మిట్టమధ్యాహ్నం, బయట అన్నీ నిద్రపోయే వేళ, చీకటి గదికి 40 నిమిషాలు. అత్తయ్యకి బ్యాటరీ బండి, ఆవిడ పక్కన చిన్నది. పంపించేశాను కూడా.

ఇప్పుడు గుర్తొస్తోంది, అక్క ఆదివారం వస్తానన్నదే సీతాకోకచిలుకల కోసం. పొద్దున్నే ఫోన్ ఖాయం. ఏనుగుల్లోంచి ఓ పది నిమిషాలు లాగొచ్చేమో చూడాలి.