ట్రైలర్ ఊగితే స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి

ఇక్కడ అమెరికాలో మన ఫ్రెండ్స్ ఎవరు పికప్ ట్రక్ కొన్నా, ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) అనగానే అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎన్ని పౌండ్లు లాగుతుంది?" అనే. అసలు అడగాల్సింది, ట్రైలర్ ముందు కొస హిచ్ బాల్ మీద, అంటే ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే గుండు మీద, ఎంత బరువు మోపుతోంది అని. టంగ్ వెయిట్ అంటారే, అది. సామానుతో కలిపి ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంటే 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 600 నుంచి 900. అంతకంటే తగ్గిందంటే, స్పీడు పెరిగాక చిన్న గాలి తగిలినా తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ ఊపు పెరిగి పెరిగి చివరికి ట్రక్కునే పక్కకి ఈడ్చేస్తుంది.

వెనక బంపర్‌కి సైకిళ్లు కట్టి, వెనక అరలో జనరేటర్ పెట్టి, ఇరుసుకి వెనకాల ఉన్న ట్యాంకులో నీళ్లు నింపుకుని బయల్దేరే వాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్ల పైమాట! బరువైనవి ఇరుసుకి కాస్త ముందు, నేలకి దగ్గరగా పెట్టండి. ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద ముందు ట్రక్ ఒక్కటే, తర్వాత ట్రైలర్ తగిలించి తూచండి. ట్రక్కు ఇరుసుల మీద పెరిగిన బరువే మీ టంగ్ వెయిట్. ఊపు తగ్గించే స్వే బార్ కొనుక్కోండి, మంచిదే, కానీ తప్పుగా సర్దిన సామాన్ని అది సరిచేయదు.

టెక్సస్‌లో అమరిల్లో దగ్గర ఐ-40 హైవే మీద అడ్డగాలి వీస్తుంటే, పక్కనుంచి పెద్ద సెమీ లారీ దాటుతుంటే ట్రైలర్ ఊగిందనుకోండి. గ్యాస్ మీద కాలు తీసేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ట్రక్ బ్రేక్ గట్టిగా తొక్కొద్దు. ట్రైలర్ బ్రేకులు విడిగా వేసే బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో మెల్లగా నొక్కితే ట్రైలర్ చక్రాలే ముందు ఆగడానికి చూస్తాయి, వెనక్కి లాగినట్టై వరసలోకి వస్తుంది. స్పీడు పెంచితే సర్దుకుంటుందని కొందరు చెబుతారు, దయచేసి ఆ మాట వినకండి.

ఊపు ఆగింది కదా అని మళ్లీ 70కి వెళ్లిపోకండి, కొన్ని ట్రైలర్ టైర్లకి గంటకి 65 మైళ్లే హద్దు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, టైర్లలో గాలి, హిచ్ చూసుకుని, వెనకున్న బరువు ముందుకి జరిపాకే మళ్లీ రోడ్డెక్కండి.