ఢిల్లీ బండి ఎక్కే ముందు కోఠిలో

కిందటిసారి ఢిల్లీ వెళ్లినప్పుడు నా బ్లూటూత్ ఇయర్‌బడ్స్ బల్లార్షా చేరకముందే చార్జింగ్ అయిపోయి మూగబోయాయి. ఇంకా ఇరవై గంటల దారి ఉంది. అందుకే ఈసారి అమ్మతో కలిసి బయలుదేరేందుకు వారం ముందే కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఇద్దరికీ కలిపి 1,500 రూపాయలు దాటకూడదని లెక్క.

దుకాణదారు మొదట నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌ఫోన్లు చూపించాడు. మంచి పరికరమే. బయటి మోతను మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి అణచివేస్తుంది. ఏసీ బోగీలో ఒకే తీరున సాగే హోరుకు అది బాగా పనికొస్తుంది. మాది స్లీపర్. చాయ్ కేకలు, పసిపిల్లల ఏడుపు, పట్టాలు మారేటప్పటి టకటకలు దానికి అంతగా లొంగవు. ధర కూడా మా లెక్కకు మించింది.

చివరికి చెవిని నిండుగా మూసే సిలికాన్ బుడిపెలున్న వైరు ఇయర్‌ఫోన్లు రెండు జతలు తీసుకున్నాను. నా ఫోనుకు గుండ్రటి జాక్ లేదు కాబట్టి నాకు టైప్-సి జత, అమ్మ పాత ఫోనుకు మామూలు జత. బుడిపెలు మూడు సైజుల్లో ఇస్తారు. చాలామంది ఆ చిన్న సంచిని విప్పకుండానే పారేస్తారు, అది నాకు బాధ కలిగించే విషయం. చెవి సరిగా మూసుకోకపోతే రైలు మోతను మించాలని సౌండు పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే నాలుగే గంటలు. నాగపూర్ చేరేలోపే ఆ వారం వాటా అయిపోతుందన్నమాట. నేను అక్కడే నిలబడి ఒక్కో సైజూ మార్చి చూశాను. కుడి చెవికి మధ్యది, ఎడమ చెవికి చిన్నది కుదిరాయి. దుకాణం సందడి ఒక్కసారిగా దూరమైంది.

నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద అమ్మ ఇయర్‌ఫోన్లు తీసేసి, రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి దండం పెట్టుకుంది. ఆ నిమిషం నేనూ ఏమీ వినలేదు. కాగజ్‌నగర్ తర్వాత అడవుల్లో సిగ్నల్ పోయింది. పాటలన్నీ ముందే ఫోనులోకి దించుకున్నాను. 128 కేబీపీఎస్ ఫైళ్లు గంటకు 60 ఎంబీ లోపే, ఆ మోతలో అంతకన్నా నాణ్యత అక్కర్లేదు.

రాత్రి భోపాల్ దాటాక ఎదుటి బెర్తు కుర్రవాడు, కాజీపేటలో ఎక్కిన విద్యార్థి, ఫోను స్పీకరులో ఏదో పెట్టుకున్నాడు. పదింటి తర్వాత అలా వినకూడదని ఎవరో గట్టిగా అన్నారు. అతని ముఖం చిన్నబోయింది. అమ్మ లేచి కూర్చుని, తన జత నాకు అందించి కళ్లతోనే అతణ్ని చూపించింది. సంచిలో మిగిలిన పెద్ద బుడిపెలు తొడిగి అతని చేతికిచ్చాను.

“పెట్టుకో బాబూ, నాకెలాగూ నిద్రొస్తోంది” అంది అమ్మ.

తెల్లవారి మథుర దాటాక అతను వైరు చిక్కుపడకుండా గుండ్రంగా చుట్టి తిరిగి ఇచ్చాడు. బుడిపెలు మాత్రం తీసి అతనికే ఇచ్చేశాను.