తిరిగి కాదు, నిలబడి పాడైన బండి

మీటరు మీద 11,400 కిలోమీటర్లు. 2015 మోడల్ బైకుకి అంత తక్కువ రీడింగ్ చూడగానే కొనాలనిపించింది. "ఎక్కువ తిప్పలేదండీ, రెండేళ్ల నుంచి షెడ్డులోనే ఉంది" అని అమ్మినాయన ఫోన్‌లో చెప్పారు. ఆ మాట నిజమే. తిరగని బండి కొత్తదానితో సమానం అని నేను అనుకోవడమే పొరపాటు.

దూరం కావడంతో స్వయంగా వెళ్లి చూడలేకపోయాను. ఇంజన్ బాగా చల్లబడ్డాక స్టార్ట్ చేసి వీడియో తీసి పంపమన్నాను. ఒక్క సెల్ఫ్‌తోనే స్టార్ట్ అయింది, శబ్దం కూడా శుభ్రంగా ఉంది. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు దగ్గరున్న మురికిని గుడ్డతో తుడిచి ఫొటోలు తీయమన్నాను. వాటిని కాగితాలతో పోల్చి చూస్తే అమ్మకం పత్రంలో ఒక అంకె తేడాగా ఉంది, 8 ఉండాల్సిన చోట 3 పడింది. అది సరిదిద్దించేసరికి వారం పట్టింది. ఆ వారం ఆగడం మంచిదైంది. బండి చేతికొచ్చాక ఆ తప్పు బయటపడి ఉంటే పేరు మార్పిడి దగ్గర ఎంత తిరగాల్సి వచ్చేదో.

ట్రాన్స్‌పోర్ట్‌కి ఇచ్చే ముందు ట్యాంకులో పెట్రోల్ తీయించి, బ్యాటరీ వైరు విప్పించి, అద్దాలు ఊడదీయించాను. నాలుగు పక్కల నుంచి ఫొటోలు, మీటరు రీడింగ్ ఫొటో తీయించి దాచుకున్నాను. ఒక్కటి మాత్రం చెప్పడం మర్చిపోయాను: ముందు చక్రం ఫోర్కులు (షాక్ అబ్జార్బర్లు) పూర్తిగా కిందికి నొక్కుకుపోయేలా బెల్టులు బిగించకూడదని. బండి కదలకుండా ఉండాలంటే ఫోర్కు కిందికి దిగగలిగే మేరలో కొంత భాగం నొక్కుకుంటే చాలు.

ఆరు రోజులకు బండి వచ్చింది. బండి తెచ్చినతను సంతకం పెట్టమని కాగితం ముందు పెట్టాడు. "ప్యాకింగ్ విప్పి చూసి పెడతానండీ" అన్నాను. అతను కొంచెం విసుక్కున్నాడు కానీ ఆగాడు. క్లచ్ లివర్ వంగి ఉంది. ఎడమ ఫోర్కు రాడ్డు చుట్టూ ఆయిల్ చెమ్మ. రెండూ ఆ కాగితం మీదే రాయించి, ఫొటో తీసుకున్నాకే సంతకం పెట్టాను. లివర్ డబ్బులు తర్వాత తిరిగిచ్చారు. ఫోర్కులోని ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్ సంగతి మాత్రం నేను గట్టిగా అడగలేదు. బెల్టుల ఒత్తిడి కొంత కారణమే అయినా, ఏళ్ల తరబడి కదలక ఎండిపోయిన రబ్బరు ఎలాగూ ఎక్కువ రోజులు నిలిచేది కాదు. రెండు సీల్స్ మార్పించాను. ఆ ఆయిల్ కారి బ్రేక్ డిస్కు మీదికి చేరితే చాలా ప్రమాదం.

ఆ సాయంత్రమే ఒక రౌండు వేయాలని ప్రాణం కొట్టుకుంది. టైరు పక్కన అచ్చు చూశాను: 0815. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండూ ఏడాది. అంటే 2015లో ఎనిమిదో వారంలో తయారైన టైరు, బండితో పాటు వచ్చినదే. టైరు గాడులు లోతుగా, కొత్తగా కనిపిస్తున్నాయి. కానీ వేలితో నొక్కితే రబ్బరు చెక్కలా ఉంది, పక్కల సన్నటి పగుళ్లు. రెండూ మార్చేశాను. బ్రేక్ ఆయిల్ కాఫీ రంగులోకి మారిపోయింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరాక ఆ కనీసం 155కి పడిపోతుంది. ఎక్కువసేపు బ్రేక్ పట్టి వేడెక్కితే ఆయిల్ మరిగి బ్రేక్ లివర్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రోడ్డెక్కక ముందే పాతదంతా తీసి కొత్తది పోయించాను. బ్యాటరీ 9.8 వోల్టులు చూపించింది. ఛార్జింగ్ నిలబెట్టుకోలేదు, మార్చక తప్పలేదు.

అసలు తలనొప్పి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్‌తో. చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ నొక్కగానే ఆగిపోతుంది. రేస్ ఇచ్చి పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే మళ్లీ ఆగుతుంది. అప్పుడు ఆ పాత వీడియో మళ్లీ చూశాను. మొదటి నుంచి చివరి దాకా చోక్ లాగి పెట్టే ఉంది. చల్లటి ఇంజన్‌కి అది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. ఇంకో రెండు నిమిషాలు ఆగి చోక్ తీసేయమని అడిగి ఉండాల్సింది.

కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, ఫ్లోట్ బౌల్ విప్పితే అడుగున పసుపు పచ్చటి జిగురు. నిలవ ఉన్న పెట్రోల్ ఆవిరైపోయి మిగిలిన మడ్డి అది. ఇంజన్ స్లోలో నడిచేటప్పుడు పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ఏమీ కనపడలేదు. పిన్నుతో పొడవాలనిపిస్తుంది కానీ ఆ పని చేయకూడదు, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. క్లీనర్ ద్రవంలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు గాలి కొట్టాను. మూడోసారికి చుక్కంత వెలుగు కనిపించింది. ఆ క్షణంలో కలిగిన సంతోషం బండి దిగిన రోజున కూడా కలగలేదు. బిగించాక చోక్ లేకుండా స్లోలో చక్కగా నిలబడింది.

పని అయిపోయిందనుకున్నాను. మొదటి ప్రయాణంలో సరిగ్గా పదిహేను నిమిషాలకు బండి గుక్కపట్టి ఆగిపోయింది. పది నిమిషాలు ఆగితే స్టార్ట్ అయింది, మళ్లీ అంత దూరానికే ఆగింది. రెండు రోజులు ప్లగ్, కాయిల్ అంటూ కరెంటు వైపే వెతికాను. మూడో రోజు ఆగినప్పుడు పెట్రోల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తెరిస్తే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. వెంటనే స్టార్ట్ చేశాను, మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. మూతలో గాలి లోపలికి వెళ్లే సన్నటి దారి తుప్పుతో పూడుకుపోయింది. పెట్రోల్ దిగే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాక, చివరికి పెట్రోల్ కిందికి దిగడమే ఆగిపోతోంది.

ఇంటికొచ్చి మూత విప్పి, ఆ దారి శుభ్రం చేసి, ఊది చూసి బిగించాను. మర్నాడు పొద్దున్నే అదే రోడ్డు మీద వెళ్లాను. మూడు రోజులూ ఆగిన చోటు దాటాక కూడా కాసేపు చెవులన్నీ ఇంజన్ మీదే ఉన్నాయి. బండి ఆగలేదు. రిజర్వ్ పడే దాకా తిప్పాను.