వంచే సాధనకు ఇనుప కడ్డీ ఎంచుకోవడం: నా అనుభవం

పట్టు బలం కోసం పొట్టి ఇనుప కడ్డీలు వంచడం మొదలుపెట్టినప్పుడు నేను చూసింది మందం ఒక్కటే. 6 మిల్లీమీటర్లది వంగితే తర్వాత 8కి వెళ్లొచ్చనుకున్నాను. ఆ లెక్క మొదట్లోనే తప్పింది. ఒకే మందం, ఒకే పొడవు ఉన్న రెండు ముక్కల్లో ఒకటి చేతుల్లో మడతపడిపోయింది, రెండోది స్ప్రింగులా కదిలి మళ్లీ తిన్నగా అయింది. రెండూ మైల్డ్ స్టీలే, అంటే కార్బన్ తక్కువుండే మెత్తటి ఉక్కే. కాకపోతే ఒకటి నల్లది, ఒకటి మెరిసేది.

నల్లటి కడ్డీని ఎర్రగా కాలుతుండగా రోలర్ల మధ్య సాగదీస్తారు, పైన నల్లటి పొలుసు మిగిలిపోతుంది. మెరిసేదాన్ని బ్రైట్ బార్ అంటారు. దాన్ని చల్లగా ఉండగానే డై అనే గట్టి అచ్చు రంధ్రంలోంచి లాగుతారు. ఆ లాగుడుకే ఉక్కు గట్టిపడుతుంది. సుమారు 0.18 శాతం కార్బన్ ఉండే 1018 అనే రకం ఉక్కునే తీసుకుంటే, వేడి మీద తీసింది 220 మెగాపాస్కల్ (లోహం మీద పడే ఒత్తిడికి కొలత) దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది, చల్లగా లాగింది 370 దగ్గర. పేరు, మందం, పొడవు అన్నీ ఒకటే, పని మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే.

వంగే తీరూ వేరే. ఈ సాధనలో కింక్, స్వీప్, క్రష్ అని మూడు దశలు చెప్తారు: మొదటి మలుపు తేవడం, దాన్ని లంబకోణం దాటించడం, చివర్లను దగ్గరికి నొక్కేయడం. రెండు చివర్లూ 5 సెంటీమీటర్ల లోపుకి వస్తే వంపు పూర్తయినట్టు. నల్లటి కడ్డీ కింక్‌కి తొందరగా లొంగుతుంది, తర్వాత వంగేకొద్దీ గట్టిపడుతూ వంపును పక్కలకు నెడుతుంది. అందుకే దాని వంపు గుండ్రంగా ఉంటుంది, క్రష్ దగ్గర బాగా శ్రమ పెడుతుంది. బ్రైట్ బార్ కష్టమంతా కింక్‌లోనే. ఒకసారి లొంగాక ఆ ఒక్కచోటే మడతపడుతుంది, మూల పదునుగా కనిపిస్తుంది. వంచిన రెండు ముక్కల్ని బల్ల మీద పక్కపక్కన పెడితే ఏది ఏదో రంగు చూడకుండానే చెప్పొచ్చు. నాకు కింక్ బలహీనం కాబట్టి బ్రైట్ ఎక్కువ వాడాను. క్రష్ రానివాళ్లు నల్లదాని మీదే ఎక్కువ రోజులు ఉండాలి.

మందం సంగతి. గుండ్రటి కడ్డీని పూర్తిగా లొంగదీసే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 నుంచి 8కి వెళ్తే 216కి 512, అంటే దాదాపు 2.4 రెట్లు. ఆ గంతు ఎవరి మణికట్టుకైనా ఎక్కువే. 6 నుంచి పావు అంగుళానికి, అంటే 6.35కి వెళ్తే 19 శాతమే పెరుగుతుంది. 7 మిల్లీమీటర్లది 6 కన్నా 59 శాతం ఎక్కువ, కానీ అది అన్నిచోట్లా దొరికే కొలత కాదు. ఆ ఖాళీలో నాకు బాగా పనికొచ్చింది 6 మిల్లీమీటర్ల చదరపు కడ్డీ. అదే ఉక్కైతే అది గుండ్రటి 6కి సరిగ్గా ఒకటిన్నర రెట్లు, ఇంచుమించు 6.9 గుండ్రం కడ్డీతో సమానం. దాని అంచులు చేతికి చుట్టుకున్న గుడ్డను కోస్తాయి కాబట్టి నాలుగు అంచుల్నీ ఆకురాయితో ఒక వరస రుద్దేయాలి.

ఘనం లెక్క ఇంకో చిక్కు కూడా బయటపెట్టింది. 6 అని అమ్మిన నల్లటి కడ్డీ కాలిపర్‌లో 5.7 చూపిస్తే బలం 14 శాతం తగ్గిపోయినట్టే. వేడి రోలింగ్‌లో మందం కొంచెం అటూ ఇటూ అవుతుంది, పైగా పొలుసు కూడా కొలతలో కలుస్తుంది. అందుకే తూకం కూడా చూస్తాను: వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 6కి 0.222, అంటే 180 మిల్లీమీటర్ల ముక్క 40 గ్రాములు తూగాలి. ఒక ముక్క కన్నా పది కలిపి తూస్తే నమ్మకంగా తెలుస్తుంది.

ఇవన్నీ తెలిశాక కూడా కొత్త కడ్డీ ఎంత గట్టిదో చేత్తో పట్టుకుని చెప్పలేం. నాకు దారి చూపింది వైస్ పరీక్షే (వైస్ అంటే ముక్కను దవడల మధ్య బిగించే పనిముట్టు). 180 మిల్లీమీటర్ల ముక్కను సగం దాకా వైస్‌లో బిగించి, పైకి మిగిలిన భాగానికి పైపు తొడుగుతాను. పైపు అంచుకూ వైస్ దవడకూ మధ్య 2 సెంటీమీటర్లు వదలాలి, లేకపోతే వంగడానికి చోటుండదు. దవడ నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి మెల్లగా లాగుతూ, వంపు 45 డిగ్రీలకు వచ్చేసరికి అంకె చూసి రాసుకుంటాను. లాగుడు ఎప్పుడూ పైపుకి లంబంగానే ఉండాలి. కాటా పక్కకి ఒరిగితే ఆ అంకె పనికిరాదు. 250 మెగాపాస్కల్ దగ్గర లొంగే 6 మిల్లీమీటర్ల కడ్డీకి లెక్క ప్రకారం 9 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలం కావాలి, అంటే అక్కడ సుమారు 3 కిలోల లాగుడు. వంగేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి కాటా అంతకన్నా ఎక్కువే చూపిస్తుంది. ముఖ్యం ఆ అంకె కాదు, ఒక కడ్డీకీ ఇంకోదానికీ ఉన్న తేడా. ఒక్కో కడ్డీ నుంచి రెండు ముక్కలు, ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర కోసి పరీక్షిస్తాను. చుట్ట విప్పి సాపు చేసిన కడ్డీలో చివరకీ చివరకీ తేడా కనిపించొచ్చు. అలాంటిది నేను లెక్కలోకి తీసుకోను, వార్మప్‌కి వాడేస్తాను.

పొడవుతో కూడా కష్టాన్ని సరిచేయొచ్చు. 180 అంటే దాదాపు 7 అంగుళాలు, రెండు చేతులూ మధ్యలో ఆనుకునేంత. 200 చేస్తే చేతులు ఎడంగా పడి సులువవుతుంది, 160 చేస్తే బాగా గట్టిపడుతుంది. నా మెట్ల వరస ఇది: 6 నల్లది 200, అదే 180, అదే 160, తర్వాత 6 బ్రైట్ 200, 180, ఆపైన 6.35 బ్రైట్. 8 నల్లది ఆ తర్వాతే. అరచేతికి చుట్టే తోలు, గుడ్డ మందం మారిస్తే కష్టం కూడా మారిపోతుంది, కాబట్టి కడ్డీలు పోల్చేటప్పుడు చుట్టు మార్చకూడదు.

కొన్నింటిని పూర్తిగా పక్కన పెట్టాను. మర కోసిన రాడ్డు అసలు వద్దు. ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మర రాడ్డులో మర లోతుల్లో మిగిలే మందం 6.5 లోపే, ఒత్తిడంతా ఆ గాడిలో పోగై హఠాత్తుగా విరిగే ప్రమాదం ఉంది. బోల్టులైతే మర లేని ఒంటి భాగం పొడవుగా ఉన్నవే, అదీ గ్రేడు చూసి: 4.6 బోల్టు 240 మెగాపాస్కల్ దగ్గర లొంగితే 8.8ది 640. రెండూ పక్కపక్క డబ్బాల్లో ఒకేలా ఉంటాయి, తల మీద అంకె చదవాల్సిందే. ఇళ్ల కాంక్రీటులో వేసే టీఎంటీ కడ్డీకి పై పొర గట్టిది, లోపల మెత్తన, మీద గట్లు చుట్టును చింపేస్తాయి. గట్టిపరిచిన స్ప్రింగు స్టీలు, డ్రిల్ బిట్లు ముక్కలై ఎగురుతాయి. ఏమిటో తెలియని కడ్డీ మీద ఆకురాయి వేసి చూస్తాను: పట్టకుండా జారిపోతే అది గట్టిపరిచింది, పక్కన పడేయాలి.

స్టెయిన్‌లెస్ 304 మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అనీల్ చేసినదైతే, అంటే కాల్చి మెత్తబరిచినదైతే, మొదట మెత్తగా లొంగుతుంది, ఆ తర్వాత ఒక్కో డిగ్రీకీ గట్టిపడుతుంది. క్రష్‌కి అంతకన్నా మంచి సాధన నాకు దొరకలేదు. వంచకముందు అయస్కాంతం దాదాపు పట్టదు, వంచాక మడత దగ్గర కాస్త అంటుకుంటుంది. గట్టిపడటంలో లోపలి నిర్మాణం మారిందనడానికి అదే గుర్తు.

కోయడానికి ఆక్సా బ్లేడే నా ఎంపిక. బోల్టు కట్టర్ నొక్కి తెంపుతుంది, చివర ఉలిలా పదునుగా మిగులుతుంది, పొట్టి ముక్క ఎగిరి పడుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. చివర్లను ఆకురాయితో గుండ్రంగా చేయాలి, గోరు లాగి చూస్తే గీసుకోకూడదు. నల్లదాని పొలుసును వైరు బ్రష్‌తో, బ్రైట్ మీది నూనెను థిన్నర్ గుడ్డతో తుడవాలి, నూనె తోలులోకి దిగితే పట్టు పోతుంది. 3 మీటర్ల కడ్డీకి, కోతలో పోయేది తీసేస్తే, 16 ముక్కలు. అన్నిటికీ ఒకే రంగు చుక్క పెడతాను, ఆ రంగు పక్కన పుస్తకంలో మందం, తూకం, కాటా అంకె.

పూర్తిగా వంగని ముక్కను వేరే పెట్టెలో పడేస్తాను. మైల్డ్ స్టీలు సగం వంచి కొన్ని రోజులు వదిలేస్తే ఆ వంపు దగ్గర ఇంకాస్త గట్టిపడుతుంది కాబట్టి తర్వాతెప్పుడో దాన్ని పూర్తి చేసినా కొత్త ముక్కతో పోల్చకూడదు. సాపు చేసి మళ్లీ వంచడం కూడా చేయను, బయటి వైపు సన్నటి పగుళ్లు వస్తాయి. గబగబా వంచినప్పుడు మడత గోరువెచ్చగా తగలడం మామూలే. అక్కడ అడ్డంగా వెంట్రుక లాంటి గీత కనిపిస్తే మాత్రం ఆపేసి, అదే కడ్డీ నుంచి కోసిన మిగతా ముక్కల్లో ఒకదాన్ని ముందు వైస్‌లో పూర్తిగా మడిచి చూస్తాను. అదీ పగిలితే ఆ రంగు చుక్క ఉన్నవన్నీ తుక్కులోకే.