కుడిచెయ్యి పడిపోయాక అన్నం ఎలా తింటున్నారు?

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతుల మీద విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేశాను. అందులో రెండేళ్ళు ఒకే పనికి పట్టాయి: 30 ప్రశ్నలున్న ఒక ప్రశ్నావళిని తెలుగులోకి తేవడం.

దాని పేరు మోటర్ యాక్టివిటీ లాగ్. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టాబ్ బృందం తయారు చేసింది. పక్షవాతం వచ్చిన కొత్తలో చెయ్యి మాట వినదు కాబట్టి మనిషి రెండో చేత్తోనే పనులన్నీ కానిచ్చేస్తాడు. తర్వాత కాస్త బలం తిరిగొచ్చినా ఆ చేతిని వాడకపోవడమే అలవాటైపోతుంది. అందుకే ఈ ప్రశ్నావళి ఆసుపత్రిలో చెయ్యి ఎంత ఎత్తు లేస్తోందని చూడదు. ఇంట్లో ఆ చేత్తో ఏమేం చేస్తున్నారో అడిగి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తుంది.

ఇలాంటి ప్రశ్నావళిని అనువదించే పద్ధతి పుస్తకాల్లో స్పష్టంగానే ఉంది. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. ఆ రెండూ కలిపి ఒకటి చేశాక, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చాలి. నిపుణుల కమిటీ చూడాలి. చివరికి 30, 40 మందిని అడిగి, ప్రశ్న అర్థమైందో లేదో తెలుసుకోవాలి. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను.

మొదటి ప్రతిలో ‘ప్రభావిత బాహువు’ అని ఉంది. నాకు బాగానే అనిపించింది. ఓపీలో ఒక పెద్దాయన “బాహువంటే ఏటమ్మా?” అన్నారు. ఆ రోజే ‘పడిపోయిన చెయ్యి’ అని మార్చాను. జనం అనే మాట అదే.

మా గైడ్ మేడమ్ కాగితం చూసి, “ముందు ప్రశ్నలు పక్కన పెట్టు. వాళ్ళు అన్నం తినే వేళకి ఇళ్ళకి వెళ్ళి కూర్చో” అన్నారు.

భీమిలి దగ్గర ఒక ఊళ్ళో ఒకావిడకి కుడిచెయ్యి పడిపోయింది. అందరూ తిన్నాక వంటగదిలో ఒక్కతే తింటోంది. కోడలు చెంచా ఇస్తే వద్దంది. “ఎడంచేత్తో నలుగురిలో ఎలా తింటానమ్మా?” అని నన్నే అడిగింది. నా దగ్గరున్న ప్రశ్న ఫోర్కు గురించి. మరొకటి సాండ్‌విచ్ గురించి. సాక్సుల ప్రశ్నకి చాలామంది మగవాళ్ళు కూడా ఎప్పుడూ తొడగలేదన్నారు. ‘వర్తించదు’ అని కొట్టేస్తూ పోతే ఇక మిగిలేవి ఎన్ని?

కమిటీలో పెద్ద వాదనే జరిగింది. ప్రశ్నలు మార్చేస్తే మిగతా దేశాల ఫలితాలతో పోల్చలేమని ఒక సభ్యుడు అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. చివరికి వస్తువును కాక చేతి పనిని చూశాం. వేళ్ళు ఎలా పట్టుకుంటున్నాయి, ముంజేయి ఎటు తిరుగుతోంది, చెయ్యి నోటిదాకా వెళ్తోందా అన్నది దగ్గరగా ఉంటే మార్చవచ్చనుకున్నాం. ఫోర్కు స్థానంలో కూర కలుపుకుని ముద్ద తినడం వచ్చింది. సాండ్‌విచ్ పోయి ఇడ్లీ తుంచుకోవడం వచ్చింది.

ఇంత పట్టుదల నాకు మేడమ్ దగ్గరే అబ్బింది. చిన్నప్పటి పోలియో వల్ల నా ఎడమ కాలికి కాలిపర్ (నిలబడటానికి ఊతగా కట్టుకునే పట్టీ) ఉంటుంది. ఒక కాలేజీ ఇంటర్వ్యూలో “నువ్వే సరిగా నిలబడలేవు, రోగిని ఎలా లేపుతావు?” అన్నారు. ఆ సంగతి చెబితే మేడమ్ నాకు డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చెప్పారు. 1954లో ప్రమాదంలో ఆమెకి నడుము కింద చచ్చుబడింది. వెల్లూరులో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు, తర్వాత అక్కడే పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. ఆ సాయంత్రం నేను ఇంటికి ఎంత తేలిగ్గా వెళ్ళానో మాటల్లో చెప్పలేను.

చివరి దశలో 32 మందిని అడిగాను. పాడేరు వైపు నుంచి వచ్చిన రోగులతో మాట్లాడటానికి, అక్కడి గిరిజనుల భాష కువి తెలిసిన మా ఇంటర్న్ అమ్మాయి సాయం వచ్చింది. ఒకాయన ఫ్రిజ్ తలుపు ప్రశ్నకి ‘లేదు’ అన్నారు. నేను సున్నా వేశాను. బయటికి వచ్చాక ఆమె మెల్లగా, “మేడమ్, ఆయన చెయ్యి గురించి చెప్పలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదన్నారు” అంది.

నాకు చెమటలు పట్టాయి. పాత ఫారాలన్నీ తీసి, మళ్ళీ ఫోన్లు చేసి అడిగాను. అలాంటి సున్నాలు ఇంకో ఐదు బయటపడ్డాయి. వాళ్ళ ఇంట్లో లేని వస్తువును వాళ్ళ చేతి లోపంగా లెక్కగట్టాను.

పేపర్ రాసేటప్పుడు, ఇంటర్న్ కదా, చివర్లో కృతజ్ఞతలు చెబితే చాలన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. తప్పు పట్టుకున్నది ఆమె. రచయితల్లో ఆమె పేరు నా పేరు పక్కనే వేశాను. మా మేడమ్ తన పేరు ఆఖరున పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చదువుతోంది. కువిలో ప్రశ్నలు తయారు చేస్తోంది. మొన్న చిత్తుప్రతి నాకు చదివి వినిపించింది. మొదటి ప్రశ్న చోడి (రాగి) అంబలి గిన్నె ఎత్తి తాగడం గురించి. ఎలా అడగాలో వాళ్ళ అమ్మమ్మ చేత చెప్పించుకుని రాసుకుందట.